కారడం ఆగిన లారీ

బంగాళాదుంపల లోడుతో పొటోసీ సంతకు పోతుంటే దారిలోనే చీకటి పడింది. సిప్రియానో పాత లారీని పక్కకు ఆపి, టార్చి పట్టుకుని కిందికి దూరాడు. మూడు నెలలుగా ఇంజనాయిలు బొట్టుబొట్టుగా కారుతోంది. చుక్కలు పడేచోట అట్టముక్క పరిచి, ఇంజను అడుగంతా తుడిచి, భార్య నికాసియా ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. తడి చార ఎక్కడ మొదలైతే అక్కడే లోపం.

"పూయవయ్యా, నాకంటే దానికే అందం కావాలి," క్యాబిన్‌లోంచి నికాసియా అంది. "సారా తాగేముందు ఆచారం ప్రకారం నేలతల్లికి నాలుగు చుక్కలు వంచమంటే నీకు పిసినారితనం. నువ్వు వంచట్లేదనే లారీ వంచుతోంది."

"నీ నోటికో బోల్టుంటే ముందు అదే బిగించేవాణ్ణే!"

చార ఆయిలు తొట్టి వెనక బోల్టు దగ్గర మొదలైంది. గట్టిగా బిగించాడు. చుక్క ఆగింది.

అప్పుడు అట్టముక్క చూశాడు. ఇంతసేపూ చుక్కలు దాని మీదే టప్‌టప్‌మని పడ్డాయి. ఒక్క మరకా లేదు.

వీపు కింద నేల మెత్తబడింది. లారీ చప్పుడు లేకుండా జానెడు దిగింది. ఇంజను ఛాతీకి ఆనింది.

"ఏమయ్యా, బండి దిగబడుతోందేంటి? బయటికొచ్చావా?"

జవాబు చెప్పడానికి ఊపిరి చాల్లేదు. ఒక్క చెయ్యి మాత్రం ఆడుతోంది. నేలకు మళ్లీ చుక్కలు అందాలని ఆ చేత్తోనే బోల్టును వెనక్కి తిప్పాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. తొట్టి నిండా ఆయిలు పోసి గంట కాలేదు.

బోల్టు ఊడి అరచేతిలో పడింది. చుక్క రాలేదు.

నేల మళ్లీ మెత్తబడింది.