అడుగు రంగు

బకెట్లో నీళ్లు కాటుకలా నల్లబడ్డాయి. లాండ్రీ యజమాని చెయ్యి పెట్టి బెల్టును పైకి లాగాడు. నల్లగా లోపలికి వెళ్లిన బెల్టు పసుపుపచ్చగా బయటికొచ్చింది.

“కరాటే మాస్టారిది కదండీ ఇది! పాడుచేశారా?” అంది ఇస్త్రీ బల్ల దగ్గరున్న భార్య.

“నేనెక్కడ పాడుచేశాను? ఆయన ప్యాంటు మడతలో చుట్టుకుని వచ్చింది. చూసుకోకుండా దాంతోపాటే నానేశాను. అయినా నలుపు దిగితే ఏ బూడిదరంగో రావాలిగానీ, పసుపు రావడమేమిటే?”

రంగుల సంగతి అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఈ నలుపు మిల్లులో వేసింది కాదు. పసుపు బెల్టు మీద ఎవరో ఇంట్లో కూర్చుని పట్టించింది.

ఇంతలో కూతురు కాలేజీ నుంచి వచ్చింది. అతను గబుక్కున బెల్టును దుప్పట్ల కిందికి తోశాడు.

“ఏమ్మా, మీ కరాటేలో ఈ రంగుల లెక్కేమిటి? ఊరికే అడుగుతున్నా.”

“చేరగానే తెల్లబెల్టు నాన్నా. అంటే ఏమీ రాదని. మొదటి పరీక్ష గట్టెక్కితే పసుపు. నాది ఇప్పుడు ఆకుపచ్చ.”

“అంటే పసుపు నీకంటే కిందా?”

“బాగా కింద. ఏం, నువ్వూ చేరతావా? ఆ పొట్టకి మామూలు బెల్టు చాలదు మరి!”

“నా పొట్ట సంగతి తర్వాత. మీ మాస్టారిదో?”

“నలుపు. ఆ పైన ఇంకేముంది? దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వరు. ఉతికితే విద్య పోతుందంటారు.”

“పోతుంది, పోతుంది. ఎందుకు పోదూ!” అన్నాడు తండ్రి పళ్లు నూరుతూ.

నాసిరకం సరుకు మీద మొదటిరకం ముద్ర కొట్టి అమ్మేవాళ్లను అతను చాలామందిని చూశాడు. వాళ్ల దగ్గర మోసపోతే పోయేది గుడ్డ. ఇక్కడ తను అప్పజెప్పింది పిల్లని. సాయంత్రం క్లాసులో అందరూ ఉంటారు. వాళ్ల ముందే ఈ బెల్టు పరిచి, రేపటినుంచి మా అమ్మాయి రాదని మొహం మీద చెప్పి రావాలి. కూతురు లోపలికి వెళ్లగానే తడి బెల్టును సంచిలో కుక్కి చెప్పులు తొడుక్కున్నాడు.

గుమ్మం దాటకముందే ఓ భారీ మనిషి ఎదురొచ్చి, కౌంటరు మీద కోటు విసిరాడు.

“ఏమయ్యా, చిల్లు పెట్టేసి చల్లగా మడతపెట్టి ఇస్తావా? కొత్తది కొనివ్వు!”

“కాస్త నిదానంగా మాట్లాడండి సార్...”

“నాకు చెప్తావా?” ఆ మనిషి చెయ్యి అతని కాలరు మీదికి వచ్చింది.

ఇదివరకైతే ఇలాంటి గొంతు వినబడగానే కూతురు వేలాడే బట్టల వెనక నక్కేది. ఇప్పుడు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. పాదాలు ఎడంగా, అరచెయ్యి ముందుకు. గొంతు మాత్రం పెంచలేదు.

“చెయ్యి దించండి అంకుల్. మాట్లాడుకుందాం.”

ఆ చెయ్యి గాలిలో ఆగింది. తర్వాత దిగింది. అమ్మాయి కోటు అందుకుని చిల్లు చూపించింది.

“ఇస్త్రీపెట్టె కాలిస్తే ఇంత మేర మాడుతుంది. ఇదేమో బఠానీ గింజంత, గుండ్రంగా ఉంది. సిగరెట్టు మీకు అలవాటా, మీ పక్కన కూర్చునేవాళ్లకా?”

భారీ మనిషి చిల్లును ఒకసారి, పిల్లను ఒకసారి చూశాడు. ఏదో గొణుక్కుంటూ కోటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

“భయం వెయ్యలేదుటే?” అన్నాడు తండ్రి.

“ఎందుకు వెయ్యలేదూ? బాగానే వేసింది. భయమేస్తే ముందు ఊపిరి వదిలి, పాదాలు నేలకి గట్టిగా ఆనించమంటారు మాస్టారు. కొట్టే పని సగం అక్కడే తప్పుతుందట.”

అతను సంచి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. ముద్ర అబద్ధం. సరుకు మాత్రం నిఖార్సు. పసుపు దాటనివాడికి ఇంత పని ఎలా తెలిసింది? ఎటునుంచి కూడినా లెక్క కుదరలేదు. పోనీ, ఆ ముద్ర ఇప్పుడు చించేస్తే నష్టం ఎవరికి? మాస్టారు ఇంకో ఊరు చూసుకుంటాడు. తన పిల్ల మళ్లీ బట్టల వెనక్కి పోతుంది.

లేచి, పెరట్లో స్టవ్వు మీద నల్లరంగు మరగబెట్టాడు. రంగు నిలవడానికి ఉప్పు వేశాడు. బెల్టు ముంచి, కర్రతో తిప్పి తిప్పి, నీడన ఆరేశాడు.

మర్నాడు క్లాసు అయిపోయి అందరూ వెళ్లాక హాల్లోకి అడుగుపెట్టాడు. మాస్టారు ఒక్కడే చాపలు చుడుతున్నాడు. లాండ్రీ యజమాని చేతిలో బెల్టు చూడగానే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఉతికారా?”

“పొరపాటున నీళ్లలో పడింది మాస్టారూ.”

“ఏ... ఏ రంగొచ్చింది?”

“నలుపే. మా షాపుకి నల్లగా వచ్చింది, నల్లగానే వెళ్తోంది.”

మాస్టారు బొటనవేలు తడిచేసి బెల్టు మీద గట్టిగా రుద్దాడు. వేలికి రంగంటలేదు. తలెత్తకుండానే, “నేనెన్నిసార్లు వేసినా ఇంత బాగా పట్టలేదండీ,” అన్నాడు.

“మా అమ్మాయికి మీరు నేర్పేది నేర్పండి. అది చాలు నాకు. కానీ ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకండి. ఇదంతా మీకెలా వచ్చింది?”

“నాదేముందండీ! అంతా మా గురువుగారు పెట్టిన భిక్ష. ఆయన్లాంటివాడు మళ్లీ పుట్టడు.”

లాండ్రీ యజమాని గుండె తేలికపడింది. అదీ సంగతి! చిల్లరకొట్టు ఎలాంటిదైనా, టోకు వ్యాపారి దగ్గర అసలు సరుకే ఉందన్నమాట.

మాస్టారు వెళ్లి తలుపు గడియ పెట్టాడు. బీరువా తెరిచి, పట్టుగుడ్డలో చుట్టిన పాత నల్లబెల్టు ఒకటి రెండు చేతులతో తెచ్చి, కళ్లకద్దుకుని అతనికి అందించాడు.

“ఇది గురువుగారిదే. దీనికీ ఆ రంగే వేసిపెట్టండి. కాకపోతే ఇంకో పూత ఎక్కువ పడుతుందేమో... దీని అడుగు తెలుపు.”