ఎవరి నోటి మాట

ఇప్పుడు ఏ ఇంట్లో గొడవైనా అందరూ చెవిలో పెట్టుకు తిరిగే యంత్రం పుస్తకాల్లోంచి ఒక వాక్యం తీసిస్తుంది. దాంతో వాదన ముగిసినట్టే.

నవలలు రాసే హైమవతి ఆసుపత్రి మంచం పక్కనా అదే జరిగింది. పక్షవాతం వచ్చాక ఆమెకు రెప్పలు తప్ప ఏదీ కదలదు.

"ఊపిరి గొట్టాలు తీయించేద్దాం అక్కా. 'కదలని మనిషికి ఊపిరి కూడా బరువే' అని అమ్మే రాసింది కదా," అన్నాడు కొడుకు భార్గవ.

కూతురు కళ్ళు తుడుచుకుంది. "అమ్మనే అడగండి డాక్టరుగారూ."

డాక్టరు వంగాడు. "ఆ వాక్యం మీరు రాసిందేనా అమ్మా? అవునైతే రెప్ప వెయ్యండి."

రాసింది ఆమే. నవలలో ఆ మాట అన్నది మాత్రం, తల్లి ముఖం మీద దిండు అదిమిన కొడుకు. అది ఎవరూ అడగలేదు.

హైమవతి రెప్ప వాల్చకుండా కొడుకునే చూస్తూ ఉండిపోయింది. కళ్ళు మండాయి, నీళ్ళు నిండాయి. చివరికి రెప్ప పడింది.

"థాంక్సమ్మా," అన్నాడు డాక్టరు, గొట్టాల వైపు తిరుగుతూ.