నాలుగు సెకన్లు

"నాన్నా, మౌనం వచ్చినప్పుడు ఎన్ని సెకన్లో చూసి చెప్పు," అంటూ మా అమ్మాయి చేతిగడియారం నా ముందుకు తోసింది. ఇంగ్లీషు టీచర్ ట్రైనింగులో ఉంది. తను చెప్పిన క్లాసు రికార్డింగు విని, మాటా మౌనం పొల్లుపోకుండా రాసి రేపు ఇవ్వాలి.

ఫోన్లో ఓ చిన్నపిల్ల గొంతు: "మై ఫాదర్ ఈజ్ ఎ డ్రైవర్. మై బ్రదర్ ఈజ్ ఎ స్టూడెంట్. మై మదర్ వాజ్ ఎ నర్స్."

వెంటనే మా అమ్మాయి గొంతు: "వాజ్ కాదు, ఈజ్! మళ్ళీ చెప్పు."

మౌనం. తర్వాత సన్నగా, "మై మదర్ ఈజ్ ఎ నర్స్." క్లాసంతా చప్పట్లు.

"నాలుగు సెకన్లు," అన్నాను.

"మొద్దు మొహం! ఇంత చిన్న తప్పు దిద్దుకోడానికి అంతసేపా?"

"నాన్నకీ అన్నకీ ఈజ్ సరిగ్గానే చెప్పింది కదమ్మా."

పెన్ను ఆగిపోయింది.

"దానికి అమ్మ లేదా నాన్నా? నేను చప్పట్లు కూడా కొట్టించానే! ఇప్పుడు సరిచెయ్యాలంటే దానిచేత మళ్ళీ వాజ్ అనిపించాలి."

"అందరి ముందూ వద్దు. పక్కకి పిలిచి, ఆ వాజ్ వాక్యం మీ అమ్మ గురించి ముందు నువ్వు చెప్పు."

"మై మదర్..." అని ఆగిపోయింది.

నేను గడియారం బోర్లా పెట్టాను.