ఒక సర్వరు, పది మెషిన్లు

సర్వరు మీది ఎర్రలైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది. తెర మీద మాత్రం అక్షరం కదలడం లేదు.

ప్రసన్నకి ఏడుపొక్కటే తక్కువ.

అమలాపురంలో రాజుగారి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ చూసుకునేది ఆమే. పదకొండింటికి లినక్స్ పరీక్ష. పదిమంది విద్యార్థులకీ తలో లినక్స్ మెషిన్ ఉండాలి. ఉన్నవన్నీ ముసలి కంప్యూటర్లు. రెండువేల తొమ్మిదిలో కొన్న సర్వరొక్కటే కొత్తది. అందుకని దానిలోపలే, ఒక్కోటీ విడి కంప్యూటర్లా పనిచేసే పది వర్చువల్ మెషిన్లు తయారుచేసింది. ఒకటీ రెండూ బాగానే లేచాయి. పదీ కలిపి లేపితే అన్నీ పడకేశాయి.

"రాజుగారు పదింటికి రమ్మన్నారండి. నా పేరు సాలమోను. ఐ.పోలవరం నుంచి వచ్చేను."

గుమ్మంలో ఒకాయన. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. ఎవరో పిల్లాడి తండ్రి అనుకుంది ప్రసన్న.

"అడ్మిషన్లు మధ్యాహ్నమండి. రాజుగారు ఎగ్జామినర్ని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్ళేరు."

"ఆయ్. వచ్చేదాకా కూర్చుంటానండి."

కూర్చుని ఆమె అవస్థ చూస్తున్నాడు.

"అన్నీ ఒకేసారి లేపుతున్నారాండి?"

ప్రసన్నకి ఒళ్ళు మండింది.

"మీకెందుకండీ ఇవన్నీ? పదకొండింటికి ఇవి లేవకపోతే నా ఉద్యోగం ఊడుద్ది. రాజుగారు నిన్ననే చెప్పేసేరు."

ఆయన చేతిలోని ఫైలు వంక చూసుకున్నాడు. తర్వాత దాన్ని కుర్చీలో పెట్టి లేచి వచ్చాడు.

"సర్వరులో మెమరీ ఎంతండి?"

"నాలుగు జీబీ."

"ఒక్కోదానికి ఎంతిచ్చేరు?"

"ఐదొందల పన్నెండు ఎంబీ. పిల్లలు ఇబ్బంది పడకూడదని..."

"పదింటికీ కలిపి ఐదు జీబీ అయిందండి. ఉన్నది నాలుగే." ఆయన నవ్వాడు. "చుట్టాలకి కొసరి కొసరి వడ్డించేసి ఇంటాయన్ని పస్తు పెట్టేరు."

కోనసీమ అమ్మాయి కదా, మెషిన్లకీ మర్యాద చేసింది!

"పరీక్షలో బొమ్మల తెర కావాలాండి?"

"అక్కర్లేదండి. అన్నీ కమాండ్లే."

"అయితే అది తీసేద్దాం. తలో రెండొందల యాభయ్యారు చాలు. ముందు అన్నీ ఆపండి. ఇక ఒక్కోటే లేపండి. ఒకటి పూర్తిగా లేచేకే ఇంకోటి."

కీబోర్డు ముట్టుకోలేదు. పక్కన నిలబడి చెప్పాడంతే. చేసిందంతా ఆమే.

పదో మెషిన్ లేచేసరికి పదకొండుకి ఐదు నిమిషాలుంది. ప్రసన్నకి ప్రాణం లేచొచ్చింది.

"ఈ పని మీకెలా వచ్చండీ?"

"మస్కట్‌లో చేసేనండి. మొన్న మార్చిలో కంపెనీ మూసేసేరు."

ఇంతలో విద్యార్థులు వచ్చేశారు. ఆ హడావిడిలో ఆమె థాంక్స్ చెప్పనే లేదు. వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన లేడు.

పరీక్ష సాఫీగా అయిపోయింది. ఒక్క మెషిన్ కూడా మొరాయించలేదు. రాజుగారు నవ్వుతూ ల్యాబ్‌లోకి వచ్చారు.

"గట్టెక్కించేవమ్మా! ఉద్యోగం గురించి ఇక బెంగపెట్టుకోకు."

హమ్మయ్య అనుకుంది. అంతలోనే మనసు ఒప్పుకోలేదు.

"నా ఒక్కదాని వల్ల అయింది కాదండి. సాలమోను గారని ఒకాయన దగ్గరుండి చెప్పేరు."

"సాలమోనా? ఇక్కడికి వచ్చేడా!" రాజుగారు తెల్లబోయారు. "ఇందాకే నాకు ఫోన్ చేసి, 'నాకు వీలుపడదండి, మీ దగ్గరున్న అమ్మాయి చురుకైంది, వదులుకోకండి' అన్నాడే!"

"ఎవరండీ ఆయన?"

రాజుగారు కాస్త మొహమాటపడ్డారు.

"ఇవాళ మెషిన్లు లేవకపోతే నీ ఉద్యోగం ఇద్దామని నేను పిలిపించిన మనిషమ్మా."