పన్నెండు బెజ్జాలు

మేనేజరు బల్ల మీద కాలిపోయిన హీటరు రాడ్డు పడుంది. నల్లగా, మధ్యలో ఉబ్బి, ఎలుకను మింగిన పాములా.

రెండు నెలల్లో ఇది నాలుగో సెట్టు.

రబ్బరు వాషర్లు ఒత్తే పెద్ద మౌల్డుకి పన్నెండు బెజ్జాలు. ఒక్కో బెజ్జంలో ఒక్కో రాడ్డు. ఎంత లావుది, ఎన్ని వాట్లది అని ఎంచేది నేను. బిగించేది టూల్‌రూమ్ ఫోర్‌మన్.

మేనేజరు ఇద్దరినీ నిలబెట్టే మాట్లాడాడు.

"ఎంచినవాళ్ళ తప్పా, బిగించినవాళ్ళ తప్పా? సాయంత్రానికి కాగితం మీద ఒక పేరు కావాలి. రేపట్నుంచి ఆ మనిషి గేటు దాటి రాకూడదు."

ఫోర్‌మన్ మా బాబాయి. నాన్నకు సొంత తమ్ముడు.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఈ ఉద్యోగానికి మేనేజరు దగ్గర మాటసాయం చేసింది బాబాయే. ఆఫీసులో నాకు కుర్చీ వేశారు. ఆయన రిజిస్టరు పట్టుకుని నా సంతకం కోసం నిలబడాల్సి వచ్చిన రోజు నుంచి "అమ్మలూ" పోయి "మేడమ్" వచ్చింది.

మావి పక్కపక్క వాటాలే అయినా, ఇంటి దగ్గర అదీ లేదు. మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరుగుతాడు. మీ అమ్మాయిని కాస్త నేల మీద నడవమనండి అని పిన్ని వచ్చి అమ్మకు చెప్పి వెళ్ళింది.

నేను టూల్‌రూమ్‌లో అడుగుపెట్టేసరికి మెకానిక్కులు నవ్వుకుంటున్నారు. మేడమ్ గారి హీటర్లు మళ్ళీ సెలవు పెట్టాయట, అన్నాడొకడు. బాబాయి వాడిని వారించలేదు.

మౌల్డు చల్లారి ఉంది. ఇంకా కాలని రాడ్లను నేనే పట్టకారుతో ఒక్కొక్కటీ బయటికి లాగాను. మూడోదానికి ఏదో తళతళమంటూ అంటుకుని ఉంది. గోటితో గీరాను.

సిగరెట్ పెట్టెలో ఉండే వెండి కాగితం.

తర్వాతి రాడ్డుకీ ఉంది. దాని తర్వాతిదానికీ.

గేజు తెచ్చి బెజ్జాలు కొలిచాను. డ్రాయింగులో అన్నీ పన్నెండున్నర మిల్లీమీటర్లు. ఇక్కడ ఒకటి పన్నెండు పాయింట్ ఎనిమిది. ఒకటి పదమూడు. ఒకటి లోపలికి పోయేకొద్దీ వంకర.

కాలిన రాడ్డు ఉబ్బి లోపలే ఇరుక్కుంటుంది. దాన్ని డ్రిల్లుతో తొలిచి తీసిన ప్రతిసారీ బెజ్జం కాస్త పెద్దదవుతుంది. డ్రాయింగు మాత్రం అలాగే ఉంటుంది.

రాడ్డు తన వేడిని ఇనుముకి ఇచ్చేయాలి. మధ్యలో గాలి ఉంటే ఇవ్వలేదు. తనలో తనే కాలిపోతుంది.

బాబాయి వదులు రాడ్లకు వెండి కాగితం చుట్టి బిగించాడు. చేత్తో లాగితే కదలవు. కాగితం మడతల్లో గాలి మాత్రం ఉండిపోతుంది. కరెంటు పెడితే రెండు వారాలు బతకవు.

"బెజ్జాలు పెద్దవయ్యాయని నాకెందుకు చెప్పలేదు?"

"అడిగారా?"

మెకానిక్కుల నవ్వు ఆగిపోయింది.

"నాలుగుసార్లూ డ్రాయింగు చూసి రాసిచ్చారు. ఒక్కసారి ఇక్కడికొచ్చి బెజ్జంలో వేలు పెట్టి చూశారా మేడమ్? మాది చదువు లేని చెయ్యి. దాన్నేం అడుగుతార్లెండి."

నిజమే. నేను కొలవలేదు.

నాలుగుసార్లూ ఆయనకు తెలుసు. అదీ నిజమే.

కాగితం మీద రెండు వాక్యాలు రాశాను. కొలతలు తీసుకోకుండా హీటర్లు ఎంచింది నేను. బెజ్జాలు పెద్దవైన సంగతి దాచి, కాగితం చుట్టి బిగించింది ఫోర్‌మన్.

కింద ఆయన సంతకం కూడా ఉండాలి. పెదవులు కదిలిస్తూ రెండుసార్లు చదివాడు.

"మీ నాన్నకు చూపించావా ఇది?"

చాలా రోజులకు నన్ను నువ్వన్నాడు.

లేదన్నాను.

సంతకం పెట్టాడు. కాగితం నా చేతికివ్వలేదు. బల్ల మీద పడేశాడు.

ఒక పేరు అడిగితే రెండు తెచ్చావేమిటన్నాడు మేనేజరు. ఇద్దర్నీ పంపేస్తే హీటర్లు ఎంచేవాళ్ళూ ఉండరు, అంత లోతు బెజ్జాలను సూటిగా సాపు చేసేవాళ్ళూ ఉండరు. అయిదో సెట్టు కాలితే ఇద్దరూ వెళ్ళిపోవాలన్నాడు.

ఆ సాయంత్రం గోడ అవతల పిన్ని గిన్నెలు తోముతోంది. తోమడం కంటే కొట్టడం ఎక్కువ.

నాన్న కంచం ముందు తలెత్తలేదు. చెయ్యి కడుక్కున్నాక అన్నాడు.

"ఒక్క పేరే కదా అడిగారు. నీది రాస్తే ఏం పోయేది?"

మర్నాడు బెజ్జాలన్నిటినీ పదహారు మిల్లీమీటర్లకు పెంచమని రాసిచ్చాను. లావుపాటి రాడ్లు, వాట్లు మాత్రం పాతవే. అప్పుడు వేడి ఒక్కచోట కుక్కినట్టు ఉండదు.

బాబాయి రెండు రోజులు మౌల్డు దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. భోజనం కూడా దాని పక్కనే కూర్చుని తిన్నాడు.

మూడో రోజు ఉదయం నా బల్ల ముందుకొచ్చాడు. చేతిలో కాగితం. పన్నెండు బెజ్జాలకు పన్నెండు కొలతలు, మిల్లీమీటరులో వందో వంతు దాకా, ఆయన గుండ్రటి రాతలో.

"ఈసారి అడక్కుండానే తెచ్చాను," అన్నాడు. "ఆర్డరు రాసుకో."

కాగితం తీసుకున్నాను. సొరుగులోంచి గేజు తీసుకుని లేచాను.

ఆయన నా వెనకే మౌల్డు దాకా వచ్చాడు.

మొదటి బెజ్జం ఆయన రాసినట్టే ఉంది. రెండోదీ. మూడోదీ. లోపలి గోడలు అద్దంలా ఉన్నాయి.

ఏడో బెజ్జం దగ్గర తలెత్తాను. ఆయన లేడు.

మిగిలిన అయిదూ కూడా కొలిచాను.