ముప్పై ఏడు దేశాల గంట

"ఇవన్నీ కరిగించి గంట పొయ్యాలా?"

పోత మేస్త్రీ తన బల్ల మీద గుట్టగా పడ్డ నాణేలను చూశాడు. తర్వాత వాటిని కుమ్మరించిన ఆవిడ వంక చూశాడు.

"వెర్రి వెయ్యి విధాలంటారు. ఇది వెయ్యిన్నొకటోది తల్లీ!"

ఆవిడ నవ్వింది. పర్యాటకులను గుంపులుగా విదేశాలు తిప్పి తీసుకురావడం ఆవిడ పాతికేళ్ళ ఉద్యోగం. ప్రతి ప్రయాణం చివరా సంచి అడుగున నాలుగు నాణేలు మిగిలేవి. వెంట వచ్చినవాళ్ళు కూడా విమానమెక్కే ముందు "మాకెందుకండీ, మీరే ఉంచుకోండి" అంటూ తమవీ ఆవిడ చేతిలోనే పోసేవారు.

"మార్చుకోలేకపోయారా?"

"నోట్లయితే పుచ్చుకుంటారు. చిల్లర చూస్తే మొహం తిప్పేసుకుంటారు. ముప్పై ఏడు దేశాలవి, మేస్త్రీ గారూ. పారెయ్యడానికి చేతులు రాలేదు. ఇప్పుడు మా చెల్లెలి బడికి గంట కావాలట."

పక్కన నిలబడ్డ చెల్లెలు నమస్కారం పెట్టింది. ఊరి చివరి బడిలో ఆమె పెద్దపంతులమ్మ.

మేస్త్రీ సూదంటురాయి తీసి కుప్ప మీద తిప్పాడు. ఇనుము కలిసినవన్నీ దానికి అతుక్కున్నాయి. తేలికపాటి తెల్లవాటిని వేలితో పక్కకి నెట్టేశాడు. రాగివీ ఇత్తడివీ మిగిలాయి. కుప్పలో బరువంతా వాటిదే.

"తగరం నేను కలుపుతాను. కానీ ఏ దేశంవాళ్ళు వీటిలో ఏం కలిపారో దేవుడికెరుక. పోశాక గంట పగిలిందనుకోండి, నా దగ్గర మందు లేదు."

"పోతే పోయాయి. డబ్బాలో కూర్చుని మాత్రం ఏం ఉద్ధరిస్తున్నాయి?" అంది అక్క. అంటూనే పక్షిబొమ్మ ఉన్న ఒక నాణేన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి, చివరికి కుప్పలో వదిలింది.

చెల్లెలు అందుకుంది. "పైన లతలూ పువ్వులూ వద్దండీ, నున్నగా ఉండాలి. అంచు మందంగా, గొంతు బొంగురుగా. గంట వేలాడే గుంజల్ని నేలలో పాతొద్దు. పెద్ద చెక్క వేదిక మీద బిగించాలి."

మేస్త్రీకి ఒళ్ళు మండింది. "చెక్క మీదా! మోతలో సగం ఆ చెక్కే తాగేస్తుంది."

"తాగనివ్వండి."

"నాలుగు వీధులకి వినబడొద్దూ?"

"నాలుగు వీధులతో మాకు పనిలేదండీ. ఒక్కటి అడుగుతాను, చెప్పండి. మోత ఆగిపోయిందని మీకెలా తెలుస్తుంది?"

నలభై ఏళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. మూలనున్న ఓ గంటను సుత్తితో కొట్టి, అంచుకి వేలికొస ఆనించాడు.

"చెవిని నమ్మకూడదమ్మా. ఆగిపోయిందంటుంది. వేలు మాత్రం ఇంకా ఉందంటుంది."

పెద్దపంతులమ్మ తనూ వేలు ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"నాకిలాంటిదే కావాలి" అంది మెల్లగా.

పనితనం తెలిసినవాళ్ళు అడిగితే కాదనడం మేస్త్రీకి చేతకాదు. ఒప్పుకున్నాడు.

మట్టి అచ్చు ఆరడానికి మూడు వారాలు పట్టింది. పోత పోసే రోజు అక్కాచెల్లెళ్ళిద్దరూ పొద్దున్నే వచ్చి కొలిమికి దూరంగా నిలబడ్డారు. మూసలో నాణేలు ఎర్రబడ్డాయి. రాజులూ రాణులూ, చేపలూ ఓడలూ, ఎన్నడూ ఒకరినొకరు చూసి ఎరగనివాళ్ళు, ఒకరి మొహంలోకి ఒకరు జారిపోయారు. ఏది ఏ దేశమో తెలియని ఒకే ఒక్క వెలుగు మిగిలింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ ఊపిరి బిగబట్టి ఆ వెలుగును అచ్చులోకి వంచాడు.

రెండు రోజుల తర్వాత అచ్చు పగలగొట్టి, గంట చుట్టూ మూడుసార్లు తిరిగి చూశాడు. వెంట్రుకంత చీలిక లేదు. అయినా దాన్ని మోగించలేదు. మొదటి దెబ్బ బడిలోనే అనుకున్నాడు.

బడి ఆవరణలో కొత్త చెక్క వేదిక మీద అరవైమంది పిల్లలు చెప్పులు విడిచి, అరచేతులు వేదిక చెక్కపలకల మీద ఆనించి కూర్చున్నారు. కళ్ళన్నీ పెద్దపంతులమ్మ మీదే. ఇంత బుద్ధిమంతులైన పిల్లలను మేస్త్రీ ఎక్కడా చూడలేదు.

ఆమె తల ఊపింది. ఆయన కొట్టాడు.

నలభై ఏళ్ళలో తన చేతి నుంచి అలాంటి గొంతు రాలేదు. లోతుగా, నిండుగా, భూమి నిద్రలో మూలిగినట్టు లేచింది. గుంజల్లోకి దిగింది, పలకల్లోకి పాకింది, ఆయన అరికాళ్ళలోంచి మోకాళ్ళదాకా ఎక్కింది. పిల్లల నోళ్ళు తెరుచుకున్నాయి. ఒక పాప పలక మీద చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. ఒక బుడతడు కింద ఎవరున్నారో చూద్దామని సందులోంచి తొంగిచూశాడు. ఇంకో పాప తన గుండె మీద చెయ్యి వేసుకుని, నమ్మలేనట్టు పక్కపిల్ల గుండె మీద కూడా వేసి చూసింది.

మోత సన్నగిల్లింది. ఇక ఆగిపోయిందనుకున్నాడు మేస్త్రీ. పిల్లలు మాత్రం కదల్లేదు. ఇంకా, ఇంకా అలాగే ఉన్నారు. అప్పుడు ఒక్కసారిగా నూట ఇరవై చేతులు పైకి లేచి, గాలికి ఆకుల్లా ఊగాయి.

అక్క కళ్ళు తుడుచుకుంటోంది. మేస్త్రీకి ఏమీ పాలుపోలేదు.

"ఒక్కరూ చప్పట్లు కొట్టలేదేమమ్మా? నా గంట గొంతు నచ్చలేదా?"

పెద్దపంతులమ్మ ఆయన వైపు తిరిగింది.

"అలా చేతులూపడమే వాళ్ళ చప్పట్లు. మా పిల్లలకి చెవులు వినబడవండీ."