తుంగభద్రలో బాతుల లెక్క

ప్రతి జనవరిలో మంత్రాలయం దిగువన తుంగభద్రకు వచ్చే వలస బాతులను ఇద్దరం లెక్కపెట్టేవాళ్ళం. నేను బైనాక్యులర్‌లోంచి కళ్ళు తీయకుండా సంఖ్య చెబితే, వెనక కూర్చున్న నా భార్య చౌడేశ్వరి దాన్ని తిరిగి పలికి రాసుకునేది. తను పోయాక ఇదే మొదటి చలికాలం. మునిమాపు వేళ ఒక్కడినే వెళ్ళాను.

"నలభై రెండు," అన్నాను అలవాటుగా.

"నలభై మూడు. ఆ బండ పక్కన ఒకటి పండుకోనుండాది. కండ్లద్దాలు తుడుచుకో సారూ," అంది వెనకనుంచి చౌడేశ్వరి గొంతు.

నిజమే, బండ పక్కన ఒకటి ఉంది. తిరిగి చూస్తే ఆ గొంతు ఆగిపోతుందేమోనని కదలలేదు.

చీకటి పడగానే బాతులన్నీ అరుచుకుంటూ పొలాల వైపు ఎగిరిపోయాయి. నీటి మీద ఒక్కటీ మిగల్లేదు.

"నలభై నాలుగు," అన్నాను, దిద్దడానికైనా తను మళ్ళీ మాట్లాడుతుందని.

"నలభై నాలుగు," అంది చౌడేశ్వరి, దిద్దకుండా.